తనంతట తెరుచుకునే మూత

అనగనగనగా, కోళ్ళకు మాటలొచ్చిన రోజుల్లో, మబ్బులు నడిచొచ్చి గుమ్మంలో కూర్చునే ఊరొకటి ఉండేది. ఆ ఊరి పేరు మబ్బులమిట్ట. ఆ ఊరివాళ్ళకు బళ్ళు లేవు, గుర్రాలు లేవు. ఉన్నవల్లా గాలిపడవలు.

గాలిపడవ అంటే ఏమిటని అడుగుతారు కదూ? వెదురుతో అల్లిన తొట్టి ఒకటి. దానికి అటూ ఇటూ గుడ్డ కట్టిన రెక్కలు, వెనక ఒక తోక. లోపల కూర్చున్నవాడికి చలీ వానా కొట్టకుండా పైన ఒక మూత. అంతే. కొండ అంచున నిలబెట్టి, గాలి చూసుకుని వదిలితే అదే మోసుకుపోతుంది. ఒకరు చేసిన పడవ ఇంకొకరు ఎక్కకూడదు. ఎవరి పెరట్లో వాళ్ళు, ఎవరి చేతులతో వాళ్ళు చేసుకోవాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. కొత్తగా పడవ చేసినవాడు ఎగిరే ముందు పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టాలి. ఎవరైనా రావచ్చు, చూడవచ్చు. వచ్చినవాళ్ళు ఒక మంచిమాట చెప్పాలి, ఒక ప్రశ్న అడగాలి. మంచిమాట మర్యాద కోసం, ప్రశ్న ప్రాణం కోసం. రెక్క బిగువుగా ఉందా, తోక వదులైందా అని నలుగురూ అడిగితే, చేసిన పనిలో లోపం ఏదైనా ఉంటే నేలమీదే బయటపడుతుందని పెద్దలు పెట్టిన పద్ధతి అది. పద్ధతి మంచిదే. కానీ అడిగేవాళ్ళందరూ ప్రాణం సంగతే అడగరు కదా.

ఆ ఊళ్ళో కేదారుడని ఒకడు గొడుగులు చేసుకుని బతికేవాడు. ఇంట్లో భార్య శ్యామల, పెరట్లో ఒక చుక్కల కోడి. వీళ్ళు కాక అతనికి ఒక అక్క ఉంది. పేరు భాగీరథి. తల్లి లేని పిల్లవాణ్ణి చంకన వేసుకుని పెంచింది ఆవిడే. ఆవిణ్ణి ఎదురుకొండ మీది ఇంటికి కోడలిగా పంపారు. అప్పట్లో రెండు కొండలకూ నడుమ కాలిబాట ఉండేది. ఒక ఏడు కుండపోత వానకు కొండచరియ విరిగిపడి, బాట కాస్తా లోయలో కలిసిపోయింది. ఎదురుకొండ మీద చుట్టాలున్నవాళ్ళు మబ్బులమిట్టలో ఇంకెవరూ లేరు. అందుకని అటు ఎగిరేవాళ్ళు లేరు, కబురు తెచ్చేవాళ్ళు లేరు.

రోజూ తెల్లారగానే కేదారుడు పెరట్లో నిలబడి ఎదురుకొండకేసి చూసేవాడు. దూరాన సన్నగా పొగ లేచేది.

"అక్క పొయ్యి వెలిగించింది," అనుకునేవాడు. ఆ పొగ చూశాకే అతనికి ముద్ద దిగేది.

పొగ కనిపించేది గానీ మనిషి కనిపించేది కాదు. అక్క తన జుట్టు దువ్వుతూ పాడిన పాటలు గుర్తున్నాయి. పాడిన గొంతు మాత్రం కొద్దికొద్దిగా చెరిగిపోతోంది. ఏదో ఒకనాడు పూర్తిగా మరిచిపోతానేమోనని అతనికి ఒకటే దిగులు. పని మధ్యలో ఉన్నట్టుండి గొడుగు పక్కన పెట్టి అటే చూస్తూ కూర్చునేవాడు.

ఎదురుకొండ వైపు గాలి ఏడాదికి ఒక్కసారే వీస్తుంది. వానలు వెనకబట్టాక, కొద్ది రోజులు మాత్రం, పడమటి గాలి. వెళ్ళినవాడు తిరిగి రావాలంటే వేసవి గాలిదాకా అక్కడే ఉండాలి. ఉంటే ఉంటాను, అక్క దగ్గరే కదా అనుకున్నాడు కేదారుడు. వెదుళ్ళు తెచ్చి పడవ మొదలుపెట్టాడు.

గొడుగులు చేసిన చెయ్యి కాబట్టి రెక్కలు చక్కగా కుదిరాయి. మూతకు అభ్రకం రేకులు తెచ్చి వెదురు చట్రంలో పొదిగాడు. లోపల కూర్చుంటే ఆకాశం కనబడుతుంది. మూతకు ఒక పక్క తోలు మడతబందులు, ఇంకొక పక్క కొయ్యగడియ. గడియ తిప్పి చేత్తో నెడితే తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. వానలు వెనకబట్టేసరికి పడవ తయారైంది. కేదారుడు పెరటి తలుపు తెరిచాడు.

ఊరంతా వచ్చింది. రెక్కలు తట్టి చూశారు, తోక ఊపి చూశారు, అడగాల్సినవి అడిగారు. చివరికి విశ్వంభరుడనే ముత్యాల వర్తకుడు వచ్చాడు. నాలుగు ఊళ్ళు తిరిగే మనిషి.

"రెక్కలు చూడముచ్చటగా ఉన్నాయయ్యా కేదారా," అన్నాడు. "ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంత చేసి మూత చేత్తో ఎత్తుతావా?"

"చేత్తోనే అండీ."

"రాజధానిలో రాజుగారి పడవ చూశాను. మేకు నొక్కితే చాలు, మూత తనంతట తనే లేచి నిలబడుతుంది. ఆయన ఒక్క వెంట్రుక చెదరకుండా దిగుతారు. జనం చూస్తూ ఉండిపోతారనుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అన్నారు. ఆ మాట కేదారుడి చెవిలో ఇల్లు కట్టుకుంది. అక్క వాకిట్లో తన పడవ వాలుతుంది. అక్క గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. మూత తనంతట తనే లేస్తుంది. అప్పుడు తను లేచి నిలబడతాడు. అలా తలుచుకునేసరికి అతనికి ఒళ్ళు పులకరించింది. ఆ తరవాత తన కొయ్యగడియ కేసి చూసుకుంటే అది మరీ బీదగా కనిపించింది.

మర్నాడే పడమటి గాలి మొదలైంది.

"గాలి వచ్చిందండీ, బయలుదేరండి," అంది శ్యామల.

"ఇంకా కొన్నాళ్ళు వీస్తుందిగా. ఈలోపు ఒక కప్పీ బిగించేస్తాను."

"మీ కప్పీ కోసం గాలి ఆగుతుందాండీ?"

కేదారుడు వినలేదు. కప్పీ బిగించాడు, దానిమీదుగా తాడు వేశాడు, తాడు కొసకు ఒక రాయి కట్టాడు. రాయి కిందికి దిగితే మూత పైకి లేస్తుంది. లేచింది కూడా. అయితే రాయి బరువుకి తోక నేలకు ఆనింది. తోక లేవాలని ముందువైపు ఇంకొక రాయి పెట్టాడు. రెండు రాళ్ళకు పడవ బరువెక్కింది. బరువు మొయ్యాలంటే రెక్కలు పెంచాలి. పెంచాలంటే ముందు విప్పాలి. విప్పిన రెక్కలు పెరట్లో పరిచి ఉండగానే గాలి ఆగిపోయింది.

ఎదురుకొండ మీద పొగ లేస్తూనే ఉంది. "వచ్చే ఏడు తప్పకుండా వస్తానక్కా," అన్నాడు కేదారుడు అటు తిరిగి.

తొట్టి ఖాళీగా ఉండడం చూసి చుక్కల కోడి లోపలికి దిగి సర్దుకు కూర్చుంది. "మెత్తగా ఉంది, గుడ్లు పెట్టుకుంటాను," అంది. "నాకూ రెక్కలున్నాయి, దీనికీ ఉన్నాయి. నేనూ ఎగరను, ఇదీ ఎగరదు. మా ఇద్దరికీ బాగా పొత్తు కుదురుతుంది."

రెండో ఏడు వచ్చింది. కొత్త రెక్కలు సిద్ధమయ్యాయి, పెరటి తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి శంఖపాణి అని, రాజుగారి యంత్రశాలలో పనిచేసే పెద్దమనిషి ఆ దారిన పోతూ ఆగాడు. మంచివాడే, మాయమాటలు చెప్పే రకం కాదు. యంత్రం కనబడితే చాలు, ఆకలి కూడా మరిచిపోయే మనిషి.

"సమతూకం బాగా పట్టావు నాయనా," అని మెచ్చుకున్నాడు. "అయితే మూత కోసం రెండు రాళ్ళు మొయ్యడం దేనికి? ఉక్కుతీగ చుట్ట పెట్టుకోరాదా? మర తిప్పి బిగిస్తే చిటికెలో లేపేస్తుంది."

ఒక చుట్ట ఇచ్చి, బిగించడం కూడా తనే నేర్పి వెళ్ళాడు. కేదారుడు రాళ్ళు తీసేసి చుట్ట బిగించాడు. మేకు నొక్కాడు. మూత దభాలున లేచి వెనక్కి కొట్టుకుంది, అభ్రకం రేకులన్నీ పొడిపొడి అయ్యాయి. కొత్త రేకులు తెప్పించాడు. మూత మెల్లగా లేవాలని తోలుతిత్తి ఒకటి కుట్టి చుట్టకు జతచేశాడు. తిత్తిలోంచి గాలి కొద్దికొద్దిగా పోతుంటే మూత నింపాదిగా లేస్తుంది. అది కుదిరేసరికి పడమటి గాలి వచ్చింది, నాలుగు రోజులు పెరట్లో తచ్చాడింది, వెళ్ళిపోయింది.

రాజుగారి పడవకు అలాంటి మూత ఉండడంలో తప్పేముంది పిల్లలూ? ఆయన దగ్గర చుట్టకు నూనె పెట్టేవాడొకడు, తిత్తిని ఆరబెట్టేవాడొకడు, ఏదైనా చెడితే బాగుచేసేవాడొకడు ఉంటారు. కేదారుడి దగ్గర ఉన్నది ఒక కోడి.

ఆ కోడి ఇప్పుడు పిల్లల తల్లి. "నేను గుడ్ల మీద కూర్చున్నాను, నువ్వు పని మీద కూర్చున్నావు," అంది కేదారుడితో. "నాది పొదిగి పిల్లలయింది. నీది ఇంకా ఎన్నాళ్ళు?"

కేదారుడికి కోపం వచ్చి దాన్ని అదిలించాడు. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

మూడో ఏడు మాత్రం మూత అద్భుతంగా పనిచేసింది. మేకు నొక్కగానే చప్పుడు లేకుండా లేచేది, మళ్ళీ నొక్కితే ఒద్దికగా దిగేది. చూడ్డానికి పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. కొయ్యగడియ ఇంకా ఎందుకు, అందం చెడగొడుతోందని ఎవరో అడిగారు. కేదారుడు దాన్ని ఊడదీసి ఆ కన్నం పూడ్చేశాడు. అతన్ని అందరూ మూతకేదారుడు అనసాగారు. ఆ పేరు వింటే అతనికి మురిపెంగా ఉండేది. వచ్చినవాళ్ళకు మూత ఎత్తి చూపించే సందడిలో కొన్ని పొద్దుటిపూటలు ఎదురుకొండకేసి చూడనే లేదు. పొయ్యి వెలిగిందో లేదో కూడా తెలుసుకోలేదు. అక్క కోసం మొదలెట్టిన పనిలో అక్క మరుగున పడిపోయింది. అంతకన్నా అన్యాయం ఏముంటుంది?

వానలు వెనకబట్టాయి. పడమటి గాలి వచ్చింది. ఈసారి కేదారుడు ఏ సాకూ చెప్పలేదు. ఊరివాళ్ళు సాయం పట్టి పడవను కొండ అంచుకు చేర్చారు, తాళ్ళతో రాళ్ళకు కట్టి ఉంచారు. ఆ పొద్దు మంచు బాగా కురుస్తోంది. కేదారుడు లోపల కూర్చుని మేకు నొక్కాడు. మూత హుందాగా దిగి మూసుకుంది. వదిలే ముందు ఒక్కసారి తెరిచి చూపించడం ఆనవాయితీ. మళ్ళీ మేకు నొక్కాడు.

మూత కదలలేదు.

ఇంకోసారి నొక్కాడు. బలంగా నొక్కాడు. మంచుకు నాని తోలుతిత్తి ఉబ్బిపోయింది, చుట్ట దానిలో ఇరుక్కుంది. చేత్తో తీద్దామంటే గడియ లేదు. భుజం ఆనించి నెట్టాడు. చట్రం కిర్రుమంది గానీ లేవలేదు. బయటినుంచి ఊరివాళ్ళు లాగినా రాలేదు.

అతను ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన గాలి పడవను ఊపుతోంది. తాళ్ళు తెంపుకుని పోదామన్నట్టు రెక్కలు కొట్టుకుంటున్నాయి. అభ్రకంలోంచి ఎదురుకొండ కనిపిస్తోంది. మంచు విడిపోయి, సన్నటి పొగ కూడా కనిపించింది. తనేమో డబ్బాలో పెట్టిన బొమ్మ మాదిరి కూర్చుని ఉన్నాడు. ఊపిరి ఆడడం కష్టమైంది. కేదారుడికి ఏడుపొచ్చింది.

కోడి మూత మీదికి ఎక్కి లోపలికి తొంగిచూసింది. "గుడ్డులో పిల్ల ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?" అంది. "దానికైతే పొడుచుకుని బయటికి రావడానికి ముక్కుంటుంది. నీకున్న ఒక్క గడియా నువ్వే పీకేసుకున్నావు."

శ్యామల ఇక ఆగలేదు. పక్కనున్న రాయి అందుకుంది.

"ఏమండీ, తల వంచుకోండి," అని, మూతను బద్దలుకొట్టింది. చెయ్యి లోపలికి పెట్టి అతన్ని బయటికి లాగింది.

కేదారుడు రాతిమీద కూలబడ్డాడు.

"అసలు సంగతి మూత కాదు శ్యామలా. బాట విరిగిపోయాక ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా అక్క దగ్గరికి వెళ్ళలేదు. మొదటి ఏడే పడవ చేసుంటే అప్పుడే వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఏ మొహంతో వెళ్ళను? ఏదైనా గొప్ప చూపిస్తే ఆవిడ ఆ సంగతి అడగదనుకున్నాను."

శ్యామల అతని పక్కన కూర్చుని, జుట్టులో చిక్కుకున్న అభ్రకం ముక్కలు ఒక్కొక్కటే తీసింది. "అడిగితే ఏమవుతుందండీ? ఉన్న మాట చెప్పండి," అంది.

కేదారుడు లేచాడు. ఉక్కుచుట్ట ఊడదీశాడు. తిత్తి తీసేశాడు, కప్పీ తీసేశాడు, విరిగిన చట్రం తీసేశాడు. పడవ అమాంతం తేలికైంది. కొత్త మూత చెయ్యడానికి వ్యవధి లేదు. ఇంటికి పరుగెత్తి, నూనెగుడ్డతో చేసిన పెద్ద గొడుగొకటి తెచ్చాడు. కాడ విరిచేశాడు, ఊచల్ని తొట్టి అంచుకు ఒక పక్క కట్టాడు, రెండో పక్క ఒక తాడు ఉచ్చు, అందులో దూర్చడానికి ఒక పుల్ల పెట్టాడు. ముందు భాగం తెరిచే ఉంచాడు. కొందరు నవ్వారు.

గుంపులోంచి ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. పడుచుతనంలో చాలా కొండలు ఎగిరిన మనిషి. "తేలిగ్గా ఉంది నాయనా, మంచి పని చేశావు," అంది. "కళ్ళు మూసుకుని, ఒంటిచేత్తో తియ్యగలవా?"

కేదారుడు కళ్ళు మూసుకున్నాడు. పుల్ల లాగాడు. గొడుగు పక్కకు ఒరిగింది.

"ఇంక వెళ్ళిరా," అంది ముసలమ్మ.

తాళ్ళు విప్పారు. గాలి పడవను ఎత్తుకుంది. కాళ్ళకింద నేల పోయి లోయ వచ్చింది. చల్లటి గాలి కేదారుడి మొహానికి కొడుతోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అవి గాలికో అక్కకో అతనికే తెలియలేదు. చిన్నప్పుడు తను నిద్రపోయేదాకా అక్క ఊపిన ఉయ్యాల గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ కళ్ళతో ఎన్నోసార్లు దాటిన లోయ ఇంత చిన్నదా అనిపించింది. ఒక గొడుగు అల్లినంత సేపు కూడా పట్టలేదు, ఎదురుకొండ దగ్గరికొచ్చేసింది. కొర్రచేలో పడవ వాలింది. కొంచెం పక్కకు ఒరిగి ఆగింది.

చేని గట్టుమీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడిపోయింది. పడవ వాలిన చప్పుడుకు లేచి నిలబడింది గానీ పడవవైపు చూడలేదు. చెవి ఇటు తిప్పింది.

"ఎవరది? ఏదో పెద్ద పక్షి వాలినట్టుందే," అంది.

ఆ గొంతు వినగానే కేదారుడికి మరిచిపోయినవన్నీ గుర్తొచ్చాయి. పుల్ల లాగి, గొడుగు నెట్టి, చేలో పడుతూ లేస్తూ ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కా, నేను. కేదారుణ్ణి."

భాగీరథి చేతులు చాచి గాల్లో వెతికింది. అతని భుజం దొరికింది. అక్కణ్ణించి మెడ, చెంపలు, ముక్కు, నుదురు, ఒక్కొక్కటే తడిమింది.

"గెడ్డం కూడా వచ్చిందిరా నీకు," అంది. నవ్వుతూనే ఏడ్చింది.

"అక్కా, నీ కళ్ళకేమైంది?"

"పొరలు కమ్మేశాయి నాన్నా. పోయినేడు వానల్లో పూర్తిగా పోయాయి. అంతకుముందు ఏడాది కూడా బాగానే కనపడేది. పడమటి గాలి వచ్చిందంటే పని మానేసి ఈ గట్టుమీదే కూర్చునేదాన్ని, ఆకాశంలో నువ్వు కనిపిస్తావేమోనని. కళ్ళు ఉండగా నిన్నొక్కసారి చూసుకుందామని ఎంత అనుకున్నానో. ఇప్పుడైతే వినడానికి కూర్చుంటున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదురా?"

చెప్పడానికి ఎన్నో సాకులు ఉన్నాయి. బాట విరిగిందనొచ్చు, గాలి కుదరలేదనొచ్చు. కేదారుడు ఉన్న మాటే చెప్పాడు.

"రావడానికి పడవ రెండేళ్ళ కిందటే తయారైందక్కా. నువ్వు చూస్తావని దాని మూతకు హంగులు చేస్తూ కూర్చున్నాను."

భాగీరథి అతని చెయ్యి పట్టుకుని పడవ దగ్గరికి నడిచింది. రెక్క తడిమింది, తొట్టి తడిమింది, చివరికి ఆవిడ చెయ్యి గొడుగు మీద ఆగింది.

"ఇదేనా మూత?" అని అడిగింది. "చాలా బాగుందిరా."

కేదారుడు అక్క భుజంమీద తల పెట్టి పసివాడిలా ఏడ్చాడు. ఆవిడ అతని జుట్టు నిమురుతూ ఉండిపోయింది. ఆ తరవాత, "వచ్చావుగా, అది చాలు. పద, వేడిగా ఇంత అన్నం తిందువుగాని," అని ముందు నడిచింది. వేసవి గాలి వచ్చేదాకా కేదారుడు అక్క చెయ్యి వదలలేదు. లోయ అవతలి మబ్బులు ఏ రంగులో ఉన్నాయో, చేలో ఏ పిట్ట వాలిందో, తన మొహం ఎలా ఉంటుందో, అన్నీ రోజూ ఆవిడకు చెబుతూనే ఉన్నాడు. ఎంత చెప్పినా, చూపించినట్టు కాలేదు.

కాబట్టి పిల్లలూ, మనకోసం ఎవరైనా ఎదురుచూస్తున్నప్పుడు ప్రయాణానికి చాలినంత సిద్ధమై బయలుదేరిపోవాలి; అంతకుమించిన హంగులకు మనం ఖర్చుపెట్టే కాలం మనది కాదు, వాళ్ళది.